లంద నుండి పెట్రీ పళ్ళెం దాకా: పాలమూరు తంగేడు సూక్ష్మజీవి నిరోధక శక్తి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో విస్తారంగా పెరిగే తంగేడు ఆకు, పువ్వు, బెరడు సారాలకు సూక్ష్మజీవులను నిరోధించే గుణం ఉన్నదని అనేక ప్రయోగశాలా పరిశోధనలు పేర్కొన్నాయి. ఆ గుణంలో పెద్దభాగానికి కారణం కాగల టానిన్ల స్వభావాన్ని గ్రామీణ చర్మకార వృత్తి ఆధారంగా వివరించడం, అగార్ పళ్ళెంలో కనిపించే నిరోధక వలయాన్ని ఎంతమేరకు ఔషధశక్తిగా పరిగణించవచ్చునో లెక్కలతో పరిశీలించడం, ఈ ప్రాంత పరిశోధకులు చేపట్టదగిన ప్రయోగ మార్గాన్ని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: తంగేడు, టానిన్లు, లంద, నిరోధక వలయం, కనిష్ఠ నిరోధక గాఢత, నడిగడ్డ, నల్లమల.

1. ప్రవేశిక

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు నేల స్వభావంలో ఒకదానికొకటి భిన్నమైనవి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, ఆలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. అక్కడ నల్లరేగడి, ఎర్రనేల పక్కపక్కనే కనిపిస్తాయి. వనపర్తి ఎర్ర చెలకల సీమ, రాతిగుట్టల సీమ. నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణ భాగం నల్లమల అడవితోను, అమ్రాబాద్ పీఠభూమితోను కూడి ఉంది. ఇంత భిన్నత్వం మధ్య మూడు జిల్లాలలోనూ ఎవరూ నాటకుండా, ఎవరూ నీరుపోయకుండా పెరిగే పొద తంగేడు. పశువులు దీనిని అంతగా ఇష్టపడి మేయవు. బీడు మీద మిగతా పచ్చదనమంతా పోయినప్పుడు కూడా తంగేడు మిగిలి ఉండటానికి అదొక కారణం. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అంతకు ఎన్నో తరాల ముందే ఇది గునుగుతో కలిసి బతుకమ్మలో చోటు సంపాదించుకొన్నది.

ఈ పొదకు జనవ్యవహారంలో ఉన్న ఉపయోగాలు అనేకం. లేత పుల్లతో పళ్ళు తోముకోవడం, ఆకు నూరి బెణుకులకు కట్టుకట్టడం, పువ్వు కషాయాన్ని మధుమేహానికి తాగడం, రొట్టను వరిమడిలో తొక్కడం, బెరడుతో తోళ్ళు పదును చేయడం వాటిలో కొన్ని. వీటిలో మొదటి మూడింటిని వృక్ష, సూక్ష్మజీవ శాస్త్ర విభాగాల పరిశోధకులు తరచు ప్రస్తావిస్తారు. చివరిదానిని ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు. తంగేడు సూక్ష్మజీవి నిరోధక శక్తిని అర్థం చేసుకోవడానికి ఆ చివరిదే ప్రధాన ద్వారమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

యాంటిబయోటిక్కులకు లొంగని సూక్ష్మజీవుల సమస్య తీవ్రమవుతున్న కాలమిది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు బాక్టీరియాల ఔషధ నిరోధకత ప్రత్యక్ష కారణమని, 49.5 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉన్నదని 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా తెలుపుతున్నది. ఈ స్థితిలో స్థానిక ఔషధ మొక్కలవైపు చూపు మళ్ళడం సహజం. అయితే ఒక మొక్క సారం పళ్ళెంలో వలయం చూపిందని రాయడానికి, అది రోగికి పనికివస్తుందని చెప్పడానికి మధ్య చాలా దూరం ఉన్నది. ఆ దూరాన్ని కొలవకుండానే అనేక వ్యాసాలు ముగిసిపోతున్నాయి.

2. పేరు, గుర్తింపు

తంగేడును లిన్నేయస్ 1753లో కాసియా ఆరిక్యులాటా అని నామకరణం చేశాడు. ఆకుతొడిమ మొదట చెవి ఆకారంలో ఉండే పుచ్ఛాలను బట్టి వచ్చిన పేరది. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ దీనిని సెన్నా ప్రజాతిలో చేర్చాడు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే వృక్షశాస్త్రజ్ఞులు పాత కాసియా ప్రజాతిని కాసియా, సెన్నా, కమేక్రిస్టా అని మూడుగా విడదీసిన తరువాత సెన్నా ఆరిక్యులాటా అన్న పేరే స్థిరపడింది. పాత వ్యాసాలలో కాసియా అని, కొత్త వ్యాసాలలో సెన్నా అని ఉన్నప్పటికీ మొక్క ఒక్కటే. సాహిత్య సమీక్ష చేసే పరిశోధకులు రెండు పేర్లతోనూ వెదకాలి.

అసలు ఇబ్బంది తెలుగు పేర్లతో వస్తుంది. సీమ తంగేడు సెన్నా సయామియా అనే చెట్టు. కొండ తంగేడు అని గ్జైలియా గ్జైలోకార్పా అనే అడవి మానును పిలుస్తారు. నేల తంగేడు అన్న పేరు విరేచనకారి అయిన సునాముఖికి వాడుకలో ఉన్నది. ‘తంగేడు ఆకు’ అని రాసి, ఎండిన పొడిని మూలికల దుకాణంలో కొని ప్రయోగం చేసిన పరిశోధకుడు నిజంగా ఏ మొక్కను పరీక్షించాడో ఎవరూ తేల్చలేరు. పువ్వు, కాయ, పుచ్ఛాలతో కూడిన కొమ్మను నొక్కి ఎండబెట్టి, గుర్తింపు పొందిన హెర్బేరియంలో సంఖ్యతో భద్రపరచడం అందుకే తప్పనిసరి. పుచ్ఛాలు లేని నమూనా ఈ మొక్క విషయంలో సగం నమూనా మాత్రమే.

3. లందలో తంగేడు

చనిపోయిన పశువు తోలు వేసవిలో ఒకటి రెండు రోజులలోనే కుళ్ళడం మొదలుపెడుతుంది. అదే తోలు సున్నపు నీటిలో నాని, వెంట్రుకలు పోయి, దంచిన తంగేడు చెక్క నీటిలో కొన్ని వారాలపాటు ఊరితే చెప్పుగా, మోట తొండంగా ఏండ్ల తరబడి నిలుస్తుంది. తోళ్ళు ఊరవేసే ఆ తొట్టిని లంద అంటారు. మాదిగ వృత్తికారుల చేతిలో తరతరాలుగా నడిచిన ఈ పనిని, కుళ్ళును ఆపే ప్రయోగంగా చూస్తే, ఈ ప్రాంతంలో తంగేడుపై జరిగిన అతి దీర్ఘమైన పరీక్ష అదే.

లందలో జరిగే రసాయనిక చర్య బాగా తెలిసినదే. తోలులో ప్రధానమైన మాంసకృత్తు కొల్లాజెన్. ఎండిన తంగేడు బెరడు బరువులో సుమారు 15 నుండి 20 శాతం దాకా టానిన్లు ఉంటాయి. ఒక్కొక్క టానిన్ అణువుకు అనేక ఫినాల్ సమూహాలు ఉంటాయి. అవి కొల్లాజెన్ పోగులమధ్య చేరి, హైడ్రోజన్ బంధాలతో ఆ పోగులను ఒకదానితో ఒకటి కుట్టివేస్తాయి. నీటిని బయటికి నెట్టివేస్తాయి. పచ్చితోలును నీటిలో వేడిచేస్తే 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముడుచుకుపోతుంది. మొక్కల టానిన్లతో పదునైన తోలు 75–85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. బాక్టీరియాలు స్రవించే మాంసకృత్తు విచ్ఛేదక ఎంజైములకు అలా కుట్టుకుపోయిన పోగులు లొంగవు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయాన్ని గమనించాలి. తోలు కుళ్ళకపోవడానికి కారణం తంగేడు సూక్ష్మజీవులన్నిటినీ చంపడం కాదు. వాటి ఆహారాన్ని వాటికి అందకుండా చేయడం ఇక్కడి ప్రధాన ప్రక్రియ. లంద నీరు పులుస్తుంది. పైన బూజు కడుతుంది. టానిన్ మీద పెరిగి, దానిని విచ్ఛిన్నం చేసే శక్తి గల బూజులు ప్రకృతిలో ఉన్నాయి. ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్లబూజు టానిన్‌ను గాలిక్ ఆమ్లంగా మార్చుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాన్ టీగెమ్ 1867లోనే గుర్తించాడు. టానిన్ సర్వసూక్ష్మజీవి సంహారి అయితే లందకు ఆ వాసన ఉండేది కాదు.

టానిన్లన్నీ ఒకే జాతివి కావు. కరక్కాయలో ఉండేవి జలవిశ్లేష్య టానిన్లు. ఫెర్రిక్ క్లోరైడ్ చేర్చితే నీలినలుపు రంగు వస్తుంది. తంగేడు బెరడులో ఉండేవి సంఘనిత టానిన్లు, అంటే కాటెకిన్ వంటి ఫ్లేవనాయిడ్ అణువులు గొలుసుగా కలిసి ఏర్పడినవి. వాటితో ఆకుపచ్చ కలిసిన నలుపు వస్తుంది. తంగేడుతో మాత్రమే పదును చేసిన తోలు వెలుతురు తగిలే కొద్దీ ఎర్రబారుతుంది. అందుకే చివరలో కరక్కాయ నీటితో ముగించే పద్ధతి దక్షిణ భారత తోళ్ళ పరిశ్రమలో స్థిరపడింది. మద్రాసు నుండి ఎగుమతైన తోళ్ళకు తంగేడు చెక్కే చాలాకాలం ఆధారం. తరువాత ఆఫ్రికా నుండి వచ్చిన వాటిల్ బెరడు, ఆపైన క్రోమ్ పదును దానిని వెనక్కు నెట్టాయి. రెండు రకాల టానిన్లను వేరుగా వాడటం తెలిసిన చేతిపని మనకు ఉండగా, మన వ్యాసాలలో ‘టానిన్లు: ఉన్నాయి’ అని పట్టికలో ఒక కూడిక గుర్తు పెట్టి ఊరుకోవడం విచారకరం.

4. పళ్ళెంలో వలయం: లెక్క ఏమి చెబుతున్నది?

కళాశాల స్థాయిలో సర్వసాధారణంగా జరిగే పరీక్ష అగార్ గుంట పద్ధతి. ముల్లర్–హింటన్ అగార్ పళ్ళెంపై బాక్టీరియాను పరచి, 6 మిల్లీమీటర్ల గుంట తీసి, అందులో మొక్క సారాన్ని నింపి, ఒక రాత్రి 35–37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. గుంట చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయపు వ్యాసాన్ని కొలుస్తారు. పక్కనే పోలిక కోసం ఒక యాంటిబయోటిక్ బిళ్ళ ఉంటుంది. 1966లో బాయర్, కిర్బీ, షెరిస్, టర్క్ ప్రామాణీకరించిన బిళ్ళ పద్ధతి దీనికి మాతృక. ఆ పద్ధతి ఉద్దేశం వేరు. ఇదివరకే ఔషధమని తేలిన, ఎంత మోతాదులో రక్తంలోకి చేరుతుందో తెలిసిన యాంటిబయోటిక్‌కు రోగి నుండి తీసిన బాక్టీరియా లొంగుతుందా లేదా అన్నది తేల్చడానికి దానిని రూపొందించారు. తెలియని ముడి సారం ఔషధమా కాదా అని తేల్చడానికి కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. మిథనాల్‌తో తీసిన తంగేడు సారాన్ని మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢతతో కలిపి, గుంటలో 50 మైక్రోలీటర్లు పోశామనుకొందాం. గుంటలోకి వెళ్ళిన సారం 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. పక్కనున్న సిప్రోఫ్లాక్ససిన్ బిళ్ళలో ఉన్న మందు 5 మైక్రోగ్రాములు మాత్రమే. సారం 14 మిల్లీమీటర్ల వలయాన్ని, సిప్రోఫ్లాక్ససిన్ 30 మిల్లీమీటర్ల వలయాన్ని చూపితే, ‘ప్రామాణిక ఔషధంతో పోల్చదగిన ప్రభావం’ అని రాయడానికి చేయి ఉవ్విళ్ళూరుతుంది. వెయ్యి రెట్ల బరువుతో సగం కన్నా తక్కువ వలయమని రాయడమే న్యాయం. 14 మిల్లీమీటర్లలో 6 గుంట వ్యాసమే. నిజంగా ఖాళీ అయిన అంచు ఒక్కొక్క వైపు 4 మిల్లీమీటర్లు.

అయితే ఈ పోలిక తంగేడుకు కూడా అన్యాయమే చేస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్ చిన్న అణువు. అగార్ గుండా సులువుగా వ్యాపిస్తుంది. సంఘనిత టానిన్లు పెద్దవి, అగార్‌లో మెల్లగా కదులుతాయి, పోషకాలలోని పెప్టైడ్లతో దారిలోనే బంధించుకుపోతాయి. కనుక చిన్న వలయం బలహీనతకు గుర్తు కాకపోవచ్చు, పెద్ద వలయం బలానికి గుర్తు కాకపోవచ్చు. వలయపు కొలత వ్యాపన వేగాన్ని, నిరోధక శక్తిని కలగలిపి చూపుతుంది. రెండు భిన్నమైన సారాలను వలయం కొలతతో వరుసలో పెట్టడానికి వీలులేదు.

దీనికి ప్రత్యామ్నాయం ద్రవమాధ్యమ పద్ధతి. ఎం.ఐ.సి. అని వాడుకలో పిలిచే కనిష్ఠ నిరోధక గాఢతను 96 గుంటల ఫలకంలో, సారాన్ని వరుసగా సగానికి సగం పలుచన చేస్తూ, మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బాక్టీరియాలతో నిర్ణయిస్తారు. ఆ సంఖ్య వచ్చిన తరువాత దానిని ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో రంగంలోని పెద్దలు కొంత ఏకాభిప్రాయానికి వచ్చారు. ముడి సారాన్ని మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాముకు మించిన గాఢతలో పరీక్షించడమే వద్దని, 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తేనే ఆసక్తికరమని 2005లో రియోస్, రెసియో సూచించారు. కాస్, ఆయన సహచరులు 2006లో ఇంచుమించు ఇదే గీత గీశారు. కుయెటె 2010లో 100 మైక్రోగ్రాముల లోపును గణనీయమని, 100 నుండి 625 దాకా మధ్యస్థమని, ఆపైన బలహీనమని వర్గీకరించాడు. మన సిద్ధాంత గ్రంథాలలో కనిపించే 5, 10, 25 మిల్లీగ్రాముల విలువలు ఈ గీతలకు ఎంత దూరంలో ఉన్నాయో పాఠకులే లెక్కించవచ్చు.

ఆ గీతలు ఊరికే గీసినవి కావు. ఒక సారం మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గర పనిచేస్తున్నదనుకొందాం. పెద్దవారి శరీరంలో రక్తం సుమారు 5 లీటర్లు. రక్తంలో ఆ గాఢత నిలవాలంటే 25 గ్రాముల సారం రక్తంలోనే ఉండాలి. పేగునుండి పెద్ద టానిన్ అణువులు రక్తంలోకి చేరడమే బహు స్వల్పం. కనుక జ్వరానికో, మూత్రనాళపు వ్యాధికో తంగేడు కషాయం యాంటిబయోటిక్‌లా పనిచేస్తుందని పళ్ళెం ఆధారంగా రాయడం తప్పు. అది విద్యాపరమైన తప్పు మాత్రమే కాదు. పత్రికలకెక్కిన అలాంటి వాక్యాన్ని నమ్మి, ఆసుపత్రికి వెళ్ళవలసిన రోగి నాలుగు రోజులు ఆలస్యం చేసే ప్రమాదం ఉన్నది.

5. టానిన్‌ను తప్పించి చూడటం

తంగేడు సారం బాక్టీరియాను నిజంగా చంపుతున్నదా, లేక లందలోవలె ఆహారాన్ని బంధించి ఊరుకుంటున్నదా? దీనిని తేల్చడం సామాన్య ప్రయోగశాలలో కూడా సాధ్యమే.

మొదటి మార్గం సారం నుండి టానిన్లను తొలగించడం. పాలీవినైల్ పాలీపిరోలిడోన్ అనే పొడి టానిన్లను పట్టుకొంటుంది. వడగడితే టానిన్ లేని సారం మిగులుతుంది. అదే సారాన్ని తొలగింపుకు ముందు, తరువాత పరీక్షించాలి. తరువాత శక్తి పూర్తిగా పోతే ఆ గుణం టానిన్‌దే. కొంత మిగిలితే, దాని వెనుక చిన్న ఫ్లేవనాయిడ్లో, ఈ ప్రజాతిలో సాధారణమైన ఆంత్రక్వినోన్లో, మరేవో ఉన్నాయని అనుమానించవచ్చు. కొత్త అణువు కోసం వెదకవలసింది ఆ మిగిలిన భాగంలోనే. ఈ ఒక్క మెట్టు చేర్చితే ఎన్నో పరిశోధనల విలువ పెరిగేది.

రెండవది ఇనుము పరీక్ష. టానిన్లు మాధ్యమంలోని ఇనుమును పట్టుకొని బాక్టీరియాకు అందకుండా చేస్తాయి. టానిక్ ఆమ్లం వల్ల ఆగిన పేగు బాక్టీరియాల పెరుగుదల, ఇనుమును అదనంగా చేర్చినప్పుడు తిరిగి మొదలైనట్లు 1998 నాటి అధ్యయనం ఒకటి చూపింది. తంగేడు సారంతో కూడా ఇనుము చేర్చిన గుంటలు, చేర్చని గుంటలు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మూడవది, నిరోధం కనిపించిన గుంటనుండి కొంత ద్రవాన్ని తీసి తాజా మాధ్యమంపై పరచడం. మరునాడు కాలనీలు లేస్తే బాక్టీరియా చావలేదు, ఆగింది మాత్రమే.

ఫలితాన్ని చదవడంలో ఒక ఉచ్చు ఉన్నది. తంగేడు సారం మాధ్యమంలో కలపగానే కలక ఏర్పడవచ్చు. అప్పుడు కాంతిశోషణంతో పెరుగుదలను కొలవలేము. రంగు మారే రిసాజురిన్‌ను వాడితే, పాలీఫినాల్ అణువులే దానిని క్షయకరణం చేసి, బతికి ఉన్న బాక్టీరియా లేకున్నా ఉన్నట్లు గులాబి రంగు చూపవచ్చు. బాక్టీరియా లేని, సారం మాత్రమే ఉన్న గుంటలను ప్రతి గాఢతకూ తోడుగా ఉంచడం ఇందుకే. చివరిమాట మాత్రం కాలనీల లెక్కదే. పాలీఫినాల్ అణువులు దాదాపు ప్రతి పరీక్షలోనూ ‘చురుకైనవి’గా కనిపించి రసాయనశాస్త్రజ్ఞులను మోసగించే తీరును బెయెల్ 2016లో సవివరంగా చర్చించాడు. ఔషధ మొక్కలపై పనిచేసేవారికి అది తప్పక చదవదగిన వ్యాసం.

6. నోరు, చర్మం: ఆశకు తావున్న చోట్లు

పై విమర్శ తంగేడును కొట్టిపారేయడానికి కాదు. రక్తంలో అందని గాఢత నోటిలో, చర్మంపై సులువుగా అందుతుంది. పుల్లను నమిలినప్పుడు బెరడులోని రసం పలచన కాకుండా నేరుగా పళ్ళకు, చిగుళ్ళకు తగులుతుంది. ఇక్కడ మిల్లీగ్రాముల గాఢత అసాధ్యమేమీ కాదు. పంటిపాచి ఒక బయోఫిల్మ్, అంటే బాక్టీరియాలు తామే అల్లుకొన్న జిగురుపొరలో గుంపుగా అతుక్కొని ఉండే స్థితి. మాంసకృత్తులకు అతుక్కొనే టానిన్, బాక్టీరియాను చంపకున్నా అది పంటికి అతుక్కోకుండా చేస్తే చాలు. కనుక తంగేడు పుల్ల విషయంలో అడగవలసిన ప్రశ్న వలయం ఎంత అన్నది కాదు. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బాక్టీరియా పొర కట్టడం ఎంత తగ్గింది అన్నది.

ఆ పరీక్షలోనూ లాలాజలాన్ని మరువరాదు. తంగేడు నమిలినప్పుడు కలిగే వగరు, టానిన్ లాలాజలంలోని మాంసకృత్తులతో బంధించుకొంటున్నదనడానికి నాలుక ఇచ్చే సాక్ష్యం. అంటే టానిన్‌లో కొంత అక్కడే ఖర్చయిపోతున్నది. లాలాజలం, లేదా కనీసం ఆల్బుమిన్, చేర్చిన మాధ్యమంలో కూడా శక్తి నిలిస్తేనే ఆ ఫలితానికి విలువ. పుండ్లపై వాడకాన్ని పరీక్షించేవారికి సీరం విషయంలో ఇదే నియమం.

చర్మంపై వాడకానికి చరిత్ర ఒక హెచ్చరికను కూడా మిగిల్చింది. 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో డేవిడ్సన్ అనే వైద్యుడు కాలిన గాయాలపై టానిక్ ఆమ్లాన్ని పూసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. గాయంపై తోలులా గట్టిపడిన పొర ఏర్పడి, ద్రవం కారిపోవడం తగ్గింది. ఆ చికిత్స త్వరలోనే ప్రపంచమంతా వ్యాపించింది. ఒక రకంగా అది మనిషి చర్మంపైనే లంద. 1940ల తొలినాళ్ళలో, విశాలమైన గాయాలనుండి శరీరంలోకి చేరిన టానిక్ ఆమ్లం కాలేయాన్ని దెబ్బతీస్తున్నదని తేలి ఆ పద్ధతిని వదిలివేశారు. తంగేడులోని టానిన్ వేరు రకానిది కనుక ఆ ఫలితాన్ని యథాతథంగా దీనికి అంటగట్టలేము. కానీ పెద్ద తెరిచిన గాయంపై ఏ టానిన్‌నైనా పూసేముందు విషప్రభావ పరీక్ష జరగాలని మాత్రం ఆ అనుభవం చెబుతున్నది. లోపలికి తీసుకొనే విషయంలోనూ అంతే. శ్రీలంకలో వాడే ఔషధ మొక్కలపై 1981లో వెలువడిన ఒక అధ్యయనం, కాలేయానికి హానిచేసే పిరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్న వాటిలో తంగేడును కూడా చేర్చింది. పువ్వు కషాయాన్ని రోజూ తాగమని సలహా ఇచ్చే వ్యాసాలలో ఈ ప్రస్తావన కనబడటం అరుదు. నిరోధక శక్తిని పరీక్షించే ప్రతి సారాన్నీ పాలిచ్చే జంతువుల కణాలపై కూడా అదే గాఢతలలో పరీక్షించి, రెండు సంఖ్యలనూ పక్కపక్కన ప్రచురించడం మంచిది.

తయారీ పద్ధతి గురించి ఒక మాట. ఊళ్ళలో తంగేడును నమలుతారు, నీళ్ళలో కాస్తారు, పచ్చిగా నూరి కడతారు. ప్రయోగశాలలో మిథనాల్‌లో నానబెడతారు. మిథనాల్ లాగే పదార్థాలు, నీరు లాగే పదార్థాలు ఒకటి కావు. చైనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను సాధించగలగడానికి కీలకం, 4వ శతాబ్దికి చెందిన గే హొంగ్ వైద్యగ్రంథంలో ఆ మొక్కను కాయించకుండా నీటిలో నానబెట్టి పిండమని ఉండటాన్ని గమనించడం. వేడి పదార్థాన్ని చెడగొడుతున్నదని గ్రహించి ఆమె తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్‌తో సారం తీసింది. 2015లో నోబెల్ బహుమతి లభించింది. జనవ్యవహారంలోని తయారీ వివరం కూడా ప్రయోగ సమాచారమేనని ఈ ఉదంతం చూపుతున్నది. తంగేడు విషయంలో నీటి సారం, పచ్చి రసం, మిథనాల్ సారం మూడింటినీ ఒకే ఫలకంలో పోల్చాలి. ‘సంప్రదాయ వినియోగాన్ని మా ఫలితాలు సమర్థిస్తున్నాయి’ అన్న వాక్యం ఆ తరువాతే రాయాలి.

7. నమూనాలు, అనుమతులు, జ్ఞానం ఎవరిది?

ఒక మొక్కలో టానిన్ పరిమాణం ఋతువును బట్టి, నేలను బట్టి, మొక్క వయస్సును బట్టి మారుతుంది. ఈ మూడు జిల్లాలు పరిశోధకుడికి ఇచ్చే వరం ఇక్కడే ఉన్నది. నడిగడ్డ నల్లరేగడి అంచున, వనపర్తి ఎర్ర చెలకలో, అమ్రాబాద్ గుట్టల రాతినేలలో పెరిగిన తంగేడును ఎండాకాలంలో ఒకసారి, బతుకమ్మ నాటికి పూత నిండుగా ఉన్నప్పుడు ఒకసారి సేకరించి, టానిన్ పరిమాణాన్ని, కనిష్ఠ నిరోధక గాఢతను కలిపి కొలిస్తే రెండింటికీ సంబంధం ఉన్నదో లేదో తెలుస్తుంది. ‘గద్వాల జిల్లాలో సేకరించిన ఆకులు’ అని మాత్రమే ఉన్న వ్యాసానికి స్థానికత పేరులోనే మిగులుతుంది.

తంగేడు కోసం అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలికి వెళ్ళవలసిన అవసరం లేదు. బాట పక్కన దొరుకుతుంది. రక్షిత అటవీప్రాంతంలోనే సేకరించాలనుకొంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. బెరడు చుట్టూ ఒలిచిన కొమ్మ ఎండిపోతుంది. పొదను నేలకు కాస్త పైన కోసి, ఆ కోసిన కొమ్మల బెరడునే తీసుకొంటే మోడు మళ్ళీ చిగురిస్తుంది. చెక్క కోసం తంగేడు కొట్టిన ఊళ్ళలో తంగేడు మిగిలి ఉండటానికి ఈ చిగురించే గుణమే కారణం.

వాణిజ్య ప్రయోజనం వైపు పని సాగితే 2002 నాటి జీవవైవిధ్య చట్టం, 2023లో దానికి జరిగిన సవరణలు వర్తిస్తాయి. అటవీ హక్కుల చట్టం, 2006 తన మూడవ సెక్షనులోనే జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై అటవీవాసుల సామూహిక హక్కును గుర్తించింది. నల్లమల చెంచుల జీవితంపై ఫ్యూరర్ హైమండార్ఫ్ రచించిన గ్రంథం 1943లో వెలువడింది. అప్పటినుండి అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి వివరాలు రాసుకొని వెళ్ళిన పరిశోధకులకు లెక్కలేదు. ఆ వివరాలు తిరిగి పెంటలకు చేరిన సందర్భాలను మాత్రం వేళ్ళమీద లెక్కించవచ్చు. వివరాలు చెప్పినవారి అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం, ఫలితాన్ని వారికి అర్థమయ్యే తెలుగులో ఒక పుటగానైనా తిరిగి అందజేయడం వ్యయంతో కూడిన పని కాదు.

చెంచులను, నాటువైద్యులను అడుగుతున్నాము. లంద నడిపినవారిని అడగటం లేదు. ఈ మూడు జిల్లాల ఊళ్ళలో లందలు చాలావరకు పూడిపోయాయి. ఆ పని స్వయంగా చేసినవారు ఇప్పుడు వృద్ధులు. ఏ నెలలో కొట్టిన చెక్క బలమైనది, ముదురు కొమ్మదా లేతదా, ఎన్ని తోళ్ళకు ఎన్ని గంపల చెక్క, ఎన్నాళ్ళకు పాత నీరు పారబోసి కొత్త చెక్క వేయాలి, నీటిలో బలం తగ్గిందని రంగు చూసి చెప్పేవారా, నాలుక మీద వగరు చూసి చెప్పేవారా, పైన బూజు కడితే ఏమి చేసేవారు – ఈ ప్రశ్నలకు వారిచ్చే జవాబులు ప్రయోగశాల భాషలో ఋతువు, మోతాదు, కాలవ్యవధి, శక్తి క్షీణతలకు సంబంధించిన సమాచారం. నమూనాలు సేకరించడానికి ఊరికి వెళ్ళిన రోజుననే, హెర్బేరియం నమూనాను నొక్కిపెట్టిన తరువాత ఒక గంట సమయం వెచ్చిస్తే ఆ జవాబులను రాసుకొని రావచ్చు.